నిప్పు ముట్టని రోజు కోసం పుట్టిన వంట

పంది మాంసం అన్న మాట చూడగానే మీలో కొందరికి ఇక్కడే ఆపేద్దామని అనిపించవచ్చు. కాస్త ఆగండి. మీ చేత ఈ వంట వండించాలని నేను ఇది రాయడం లేదు. వండుకునేవాళ్ల కోసం పద్ధతి చివర్లో చెబుతాను, తినని వాళ్లకి మాంసం లేని దారి కూడా చెబుతాను. దానికి ముందు ఈ వంటకి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా ఆడవాళ్లదే. వంటింటికి సెలవు దొరకడం ఎంత కష్టమో, దొరికినా ఆ సెలవు కోసం ముందురోజు ఎంత చాకిరీ చేయాలో తెలిసిన వాళ్లకి ఇది చెప్పాలనిపించింది.

అమెరికాలో 'పోర్క్ అండ్ బీన్స్' మన పప్పన్నంలాంటి మామూలు భోజనం. బీన్స్ అంటే మనం కూర చేసుకునే పచ్చి బీన్స్ కావు, ఎండిన గింజలు. నేవీ బీన్స్ అనే చిన్న తెల్ల గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున ఓ ముక్క ఉప్పు పంది మాంసం, ఉల్లిపాయ, కాస్త తీపి, ఆవపొడి వేసి స్లో కుక్కర్‌లో పెట్టి బయటికి వెళ్లిపోతారు. సాయంత్రం వచ్చేసరికి భోజనం తయారు. ఇంత తేలికైన వంట వెనక మూడు నాలుగు వందల ఏళ్ల కథ ఉందంటే నేను కూడా మొదట నమ్మలేదు.

శనివారం పొయ్యి మీద కుండ

17వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి వచ్చి అమెరికా ఈశాన్య తీరంలో, ఇప్పటి బాస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన క్రైస్తవుల్ని ప్యూరిటన్లు అంటారు. వాళ్లకి విశ్రాంతి దినం అంటే ఆదివారం ఒక్కటే కాదు. శనివారం పొద్దు గూకగానే మొదలై ఆదివారం పొద్దు గూకేదాకా ఉండేది. ఆ సమయంలో ఇంటి పని, పొలం పని, వ్యాపారం ఏదీ చేయకూడదు. చేస్తే శిక్షించే చట్టాలు కూడా ఉండేవి.

పని చేయకూడదు సరే, కానీ ఇంటిల్లిపాదికీ ఆకలి వేస్తుంది కదా! అందుకే బీన్స్ కుండ. శుక్రవారం రాత్రి గింజలు నానబెట్టి, శనివారం పొద్దున ఉడకబెట్టి, మాంసం ముక్క వేసి, మూతి సన్నగా పొట్ట లావుగా ఉండే మట్టి కుండలో పోసేవారు. గోడలో కట్టిన ఇటుక పొయ్యిని కట్టెలతో కొన్ని గంటలపాటు కాల్చి, నిప్పులు, బూడిద అంతా ఊడ్చేసి, ఆ వేడి ఇటుకల మధ్య కుండ పెట్టి మూసేవారు. వేడి సరిపోయిందో లేదో చెయ్యి లోపల పెట్టి, ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలరో దాన్నిబట్టి చూసుకునేవారు. వేడిని చెయ్యే చెప్పేది. కుండలోవి శనివారం రాత్రి వేడివేడిగా తిని, మిగిలినవి ఆదివారం పొద్దున గోరువెచ్చగా తినేవారు. పక్కన రై పిండి, మొక్కజొన్న పిండి, గోధుమ పిండి కలిపి ఆవిరి మీద ఉడికించిన నల్ల రొట్టె ఉండేది.

ఇంట్లో పొయ్యి లేనివాళ్లు ఊళ్లో రొట్టెలు కాల్చే బేకరీకి కుండ పంపేవారు. బేకరీవాళ్లు అందరి కుండల్నీ తమ పెద్ద పొయ్యిలో పెట్టి, ఉడికాక ఎవరిది వాళ్లకి ఇచ్చేవారు. ఈ బేకరీ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. బాస్టన్‌కి 'బీన్‌టౌన్' అనే ముద్దుపేరు కూడా ఈ కుండల వల్లే వచ్చింది.

ఆ తీపి ఎక్కడిది

గింజలు ఆ నేలవే. మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి మూడింటినీ ఒకే పాదులో పెంచడం అమెరికా ఆదివాసుల పద్ధతి. మొక్కజొన్న కర్రకి బీన్స్ తీగ పాకుతుంది, బీన్స్ నేలకి నత్రజని ఇస్తుంది, గుమ్మడి ఆకులు నేలని కప్పి తడి ఆరకుండా చూస్తాయి. ఈ మూడింటినీ వాళ్లు అక్కచెల్లెళ్లు అంటారు. మన రాజ్మా, కూర బీన్స్, ఈ నేవీ బీన్స్ అన్నీ ఒకే జాతి మొక్క రకాలు. అంటే మనం ఈరోజు వండుకునే రాజ్మా కూడా పుట్టింటి వైపు నుంచి అమెరికాదే.

తీపి మాత్రం దూరం నుంచి వచ్చింది. బాస్టన్ బీన్స్‌లో వేసే మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి చెరకు మడ్డి, కరీబియన్ దీవుల నుంచి ఓడల్లో వచ్చేది. ఆ చెరకు తోటల్లో పని చేసింది ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన బానిసలు. బాస్టన్ చుట్టుపక్కల ఓడలు ఆ దీవులకి ఎండు చేపలు తీసుకెళ్లేవి. అమ్ముడుపోని నాసిరకం చేప బానిసల తిండికి. తిరిగి వచ్చేటప్పుడు మొలాసిస్ తెచ్చేవి. దాన్ని కాచి రమ్ము చేసేవారు, ఆ రమ్ముని ఆఫ్రికా తీరంలో మనుషుల కోసం మారకం వేసేవారు. బ్రిటిష్ ప్రభుత్వం 1733లో ఇతర దేశాల దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద గ్యాలనుకి 6 పెన్నీల పన్ను వేసిందంటే ఆ వ్యాపారం ఎంత పెద్దదో ఊహించుకోండి. విశ్రాంతి దినం కోసం ఒక ఇల్లాలు భక్తిగా వండిన కుండలో, ఏ రోజూ విశ్రాంతి లేని ఇంకో ఆడదాని చెమట ఉంది. ఈ మాట రాయకుండా ఆ రుచి గురించి రాయడం నాకు న్యాయం అనిపించలేదు.

ఇక్కడ ఒక ఆవిడ గురించి చెప్పాలి. లిడియా మరియా చైల్డ్. ఈమె 1829లో బాస్టన్‌లో పొదుపుగా ఇల్లు నడపడం మీద 'ది ఫ్రూగల్ హౌస్‌వైఫ్' అనే పుస్తకం వేశారు. భర్త అప్పుల్లో ఉండేవాడు, ఈమె రాతలతోనే ఇల్లు గడిచేది. డబ్బున్నవాళ్ల విందుల గురించి కాకుండా, పనిమనిషి లేని మధ్యతరగతి ఇల్లాలి కోసం రాసిన పుస్తకం కాబట్టి అది విపరీతంగా అమ్ముడుపోయింది. అందులో బీన్స్ వంట కూడా ఉంది. క్వార్టు బీన్స్‌కి, అంటే సుమారు లీటరు కొలత గింజలకి, ఒక పౌను పంది మాంసం చాలంటారు. పొయ్యిలో మూడు నాలుగు గంటలు పెట్టమంటారు. తీపి ఊసే లేదు, మిరియాలు మాత్రం ఉన్నాయి.

అదే ఆవిడ 1833లో బానిసత్వాన్ని వెంటనే రద్దు చేయాలని ఇంకో పుస్తకం రాశారు. దాంతో అంతా తారుమారైంది. ఆమె పుస్తకాలు కొనడం తగ్గిపోయింది. ఆమె నడిపే పిల్లల పత్రికకి చందాలు ఆపేశారు, అది మూతపడింది. బాస్టన్‌లో పేరున్న ఎథీనియం గ్రంథాలయం ఆమెకి ఇచ్చిన ప్రవేశాన్ని వెనక్కి తీసుకుంది. వంట చెప్పినంతకాలం నెత్తిన పెట్టుకున్న ఊరు, మనుషుల గురించి మాట్లాడేసరికి తలుపు వేసేసింది. ఆమె మాత్రం ఆగలేదు. బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియెట్ జేకబ్స్ రాసుకున్న జీవితకథ 1861లో అచ్చయితే, దానికి సంపాదకురాలు ఈవిడే.

తర్వాత 1896లో ఫానీ ఫార్మర్ బాస్టన్ వంటల బడి తరఫున పెద్ద వంటల పుస్తకం వేశారు. గిద్దెడు, చారెడు అనే లెక్కలు తీసేసి, చదరంగా గీసిన చెంచా, కప్పు కొలతలు ఇంటింటికీ అలవాటు చేసింది ఆ పుస్తకమే. అందులో బీన్స్‌కి మొలాసిస్, చక్కెర రెండూ ఉన్నాయి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉడకాలి. గింజ సరిగ్గా ఉడికిందో లేదో చూడటానికి నాలుగు గింజలు చెంచాలోకి తీసుకుని ఊదమంటారు. పొట్టు చిట్లితే సరిపోయినట్టు. ఈ కిటుకు ఇప్పటికీ పనికొస్తుంది.

ఇంకో ఊరు, ఇంకో బేకరీ

ఇప్పుడు అట్లాంటిక్ దాటి యూరప్ వెళ్దాం. యూదుల విశ్రాంతి దినం, అంటే సబ్బాతు, శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం రాత్రి దాకా ఉంటుంది. ఆ సమయంలో నిప్పు రాజేయకూడదు, వంట చేయకూడదు. కానీ అంతకుముందే వేడిలో పెట్టిన కుండ దాని మానాన అది ఉడుకుతుంటే తప్పు లేదు. అందుకని గింజలు, బార్లీ, మాంసం, బంగాళదుంపలు వేసి శుక్రవారం సాయంత్రమే కుండ పెట్టేసేవారు. తూర్పు యూరప్‌లో దాన్ని చోలెంట్ అంటారు. స్పెయిన్ యూదులు అదాఫినా అనేవారు, వాళ్లు కాబూలీ శనగలు వేసేవారు. యూదులు పంది మాంసం తినరు కాబట్టి అందులో గొర్రె మాంసమో, ఎద్దు మాంసమో ఉండేది.

స్పెయిన్‌లో ఈ కుండ ప్రాణాల మీదికి తెచ్చింది. 1492లో అక్కడి యూదుల్ని మతం మారండి, లేదా దేశం వదిలిపొండి అన్నారు. మారినవాళ్ల మీద కూడా నమ్మకం లేదు. మారినవాళ్లు లోపల పాత మతమే పాటిస్తున్నారా అని విచారించడానికి 1478లోనే ఇన్‌క్విజిషన్ అనే మత న్యాయస్థానం పెట్టారు. ఆ విచారణ కాగితాల్లో వంటిళ్ల సంగతులు నిండా ఉంటాయి. ఫలానా ఆవిడ శుక్రవారం సాయంత్రమే కుండ పెట్టి శనివారం పొయ్యి వెలిగించలేదని, ఫలానా ఇంట్లో పంది కొవ్వు వాడరని పనివాళ్లు, ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పేవారు. వండేది ఆడవాళ్లు కాబట్టి అనుమానం ముందు వాళ్ల మీదికే వచ్చేది. డేవిడ్ గిట్లిట్జ్, లిండా కే డేవిడ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ సాక్ష్యాల్లోంచి వంటలు వెలికితీసి 1999లో ఒక పుస్తకమే వేశారు. చదువుతుంటే వంటల పుస్తకమో, నేరాల చిట్టానో అర్థం కాదు. అలాంటి చోట శనగల కుండలో నలుగురూ చూసేలా పంది మాంసం ముక్క వేయడం అంటే రుచి కోసం ఒక్కటే కాదు, బతకడం కోసం కూడా. ఇప్పుడు మాడ్రిడ్‌లో ఇష్టంగా తినే కొసీదో అనే శనగలు, పంది మాంసం కూర, ఆ పాత అదాఫినా నుంచే వచ్చిందని చాలామంది చరిత్రకారులు అంటారు.

మళ్లీ తూర్పు యూరప్‌కి వద్దాం. 19వ శతాబ్దం చివర్లో విల్నా అనే ఊరు. ఇప్పుడది లిథువేనియా రాజధాని విల్నియస్. అక్కడ టమారా అనే ఒక అమ్మాయిని శుక్రవారం మధ్యాహ్నం వాళ్ల అమ్మ చోలెంట్ కుండ ఇచ్చి బేకరీకి పంపేది. సబ్బాతు కోసం బేకరీవాళ్లు నిప్పు ఆర్పేసేవారు, కానీ పెద్ద పొయ్యి చల్లారడానికి ఒక రోజు పట్టేది. ఆ మిగులు వేడిలో కుండ రాత్రంతా ఉడికేది. చూశారా, బాస్టన్‌లో చూసిన బేకరీయే ఇక్కడా ఉంది. ఇద్దరి మతాలూ వేరు, భాషలూ వేరు, ఒకరి గురించి ఒకరికి తెలియదు. పని ఆపమన్న రోజున పిల్లల కడుపు నింపడం ఎలా అన్న ప్రశ్న ఒక్కటే కాబట్టి, దొరికిన జవాబూ ఒక్కటే అయింది.

అమ్మ చెప్పిన కథ, కొడుకు చేసిన కుండ

టమారా తర్వాత అమెరికా వచ్చింది. ఆమె కొడుకు ఇర్వింగ్ 1902లో న్యూజెర్సీలో పుట్టాడు. ఇంటిపేరు నాఖుమ్‌సోన్, యుద్ధం రోజుల్లో జర్మన్ పేరులా వినిపిస్తోందని తర్వాత నాక్సన్ అని మార్చుకున్నాడు. షికాగోలో ఇంజనీరు. అమ్మ చెప్పిన బేకరీ కథ అతని మనసులో ఉండిపోయింది. ఇల్లంతా వేడెక్కించకుండా, నిప్పు చూసుకునే పని లేకుండా, కుండ దానంతట అదే ఉడికేలా చేయలేమా అని ఆలోచించాడు. మూత ఉన్న పాత్ర చుట్టూ, పక్కల నుంచి సమంగా వేడి తగిలేలా కరెంటు తీగ చుట్టాడు. 1936లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1940 జనవరిలో వచ్చింది. ఈ కథంతా ఆయన కూతురు తర్వాత పత్రికలకి చెప్పారు.

ఆ యంత్రానికి పెట్టిన పేరు 'నాక్సన్ బీనరీ'. అంటే బీన్స్ కుండ. అమెరికాలో బీన్స్ కుండ అంటే దాదాపుగా పంది మాంసం, బీన్సే. అలా పంది మాంసం ముట్టని ఒక అమ్మాయి జ్ఞాపకంలోంచి పుట్టిన కుండ, పోర్క్ అండ్ బీన్స్ వండే కుండ అయి కూర్చుంది. వినడానికి వింతగా ఉంది కానీ, వంటలు అలాగే ప్రయాణం చేస్తాయి. మన వంటింట్లో మిరపకాయ కూడా అమెరికా నుంచి వచ్చిందే కదా, అది లేని ఆవకాయని ఇప్పుడు ఊహించగలమా!

నాక్సన్ 1970లో వ్యాపారం అమ్మేశాడు. కొన్నది కన్సాస్ సిటీలోని రైవల్ అనే కంపెనీ. మిగతా వస్తువుల మధ్య ఈ బీన్స్ కుండని మొదట ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీ వంటగదిలో పనిచేసే గృహవిజ్ఞానం చదివిన ఒకావిడకి ఇచ్చి, దీంట్లో ఇంకేం వండొచ్చో చూడమన్నారు. ఆవిడ బీన్స్‌తో ఆగకుండా మాంసం కూరలు, సూపులు, ఇంకా ఎన్నో వండి చూపించింది. 1971లో క్రాక్-పాట్ అని కొత్త పేరు పెట్టి షికాగోలో జరిగిన ఇంటి సామాన్ల ప్రదర్శనలో విడుదల చేశారు. ఆ ఏడాది అమ్మకాలు 20 లక్షల డాలర్లు. 1975 నాటికి 9 కోట్ల 30 లక్షల డాలర్లు! అదే 1975లో మేబెల్ హాఫ్‌మన్ అనే ఆవిడ ఒక్క ఈ కుండ వంటల మీదే 'క్రాకరీ కుకరీ' అని పుస్తకం వేస్తే లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఎందుకంత గిరాకీ

కారణం కుండలో లేదు, ఇంట్లో ఉంది. 1970లో అమెరికాలో ఉద్యోగాల్లో ఉన్న లేదా ఉద్యోగం వెతుక్కుంటున్న ఆడవాళ్లు నూటికి 43 మంది. 1980కి నూటికి 51 దాటారు. మధ్యలో 1973లో చమురు ధరలు పెరిగి కరెంటు, గ్యాసు పొదుపు చేయాల్సి వచ్చింది. ఈ కుండకి పాత రోజుల బల్బు ఒకటి వెలిగినంత కరెంటు చాలు. పొద్దున అన్నీ పడేసి ఆఫీసుకి వెళ్లొచ్చు, ఇల్లాలు బయట ఉన్నా వంట సాగుతూనే ఉంటుంది అన్నదే ప్రకటనల సారాంశం.

ఇక్కడే నాకు ఒక ప్రశ్న వచ్చింది. పాత రోజుల్లో కుండ ముందే పెట్టింది విశ్రాంతి దినం కోసం. దేవుడి పేరు మీదైనా సరే, ఆ రోజు ఇల్లాలు కూడా కూర్చునేది. 1970ల్లో కుండ ముందే పెట్టింది ఇంకో పనికి వెళ్లడం కోసం. కుండ అదే, గింజలు అవే. కూర్చునే రోజు మాత్రం మాయమైంది.

రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకంలో దీని గురించే రాశారు. కొత్త యంత్రాలు వచ్చినప్పుడల్లా ఇంటి పనిలో మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు చేసే వాటా తగ్గిపోయింది, తల్లి వాటా మాత్రం అలాగే ఉంది అంటారు ఆవిడ. కట్టెల పొయ్యి పోతే కట్టెలు కొట్టే నాన్నకి పని తప్పింది, వండే అమ్మకి తప్పలేదు. బట్టల మెషీన్ వస్తే చాకలికి ఇచ్చే బట్టలు ఇంటికే తిరిగొచ్చాయి, పైగా రోజూ ఉతికిన బట్టలే కట్టుకోవాలన్న అలవాటు పెరిగింది.

ఇది అమెరికా కథ అనుకుని వదిలేయలేం. మన ఇళ్లలో గ్యాస్ వచ్చాక కట్టెలు కొట్టి, అడితి నుంచి మోసుకొచ్చే మగవాళ్ల పని పోయింది. పొగ పోయినందుకు మన కళ్లకీ ఊపిరితిత్తులకీ ఎంతో మేలు జరిగింది, దాన్ని తక్కువ చేయను. కానీ 'ఇప్పుడు నీకు పనేముంది, అన్నీ మెషీన్లే కదా' అన్న మాట కూడా గ్యాసుతోపాటే వచ్చింది. మీ ఇంట్లో వినలేదూ?

మన దాలి, మన సెలవు

నెమ్మదిగా ఉడకడం మనకి కొత్తేమీ కాదు. దాలిగుంటలో పిడకలు రాజేసి, మీద పాలకుండ పెట్టి మూత వేస్తే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, అట్టులా మీగడ కట్టేది. ఎవరూ దగ్గర కూర్చోనక్కర్లేదు. హైదరాబాద్‌లో రంజాన్ నెలలో హలీం బట్టీలు గంటల తరబడి ఇదే పని చేస్తాయి. గోధుమ, మాంసం కలిసిపోయేదాకా సన్నని వేడి. పద్ధతి మనకి తెలుసు.

మనకి లేనిది వారానికి ఒక సెలవు. పండగ అంటే వంటింట్లో పని రెండింతలు. ఉపవాసం అంటే మనం తినకుండా మిగతావాళ్లకి వండటం. మన అమ్మమ్మలకి పొయ్యి దగ్గరికి వెళ్లక్కర్లేని రోజులు నెలలో మూడే. బయట ఉన్న రోజులు. అవి గౌరవంతో ఇచ్చినవి కావు, మైల పేరుతో దూరం పెట్టినవి. ఆ మూడు రోజులూ వండేది ఇంట్లో ఇంకో ఆడమనిషే, పొలం పనికి మాత్రం మైల అడ్డు వచ్చేది కాదు. ఆ ఆచారం పోవాలి, చాలా ఇళ్లలో పోయింది కూడా, సంతోషం. కానీ దాని స్థానంలో గౌరవంగా ఇచ్చే సెలవు ఒకటి రావాలి కదా. అది ఇంకా రాలేదు.

వండే పద్ధతి

మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లినప్పుడు అక్కడి వంటింట్లో ఈ కుండ అలవాటైంది. నేను పంది మాంసం తినను, అల్లుడు తింటాడు. అందుకని రెండు రకాలూ వండటం నేర్చుకున్నాను.

కావలసినవి: నేవీ బీన్స్ 450 గ్రాములు, ఉప్పు పంది మాంసం లేదా బేకన్ పావు కిలో, పెద్ద ఉల్లిపాయ ఒకటి, ఆవపొడి ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, మొలాసిస్ పావు కప్పు. మొలాసిస్ దొరక్కపోతే నల్లబెల్లం చిక్కటి పాకం బాగానే ఉంటుంది.

గింజలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లలో అరగంట పైన తెర్లనివ్వండి. చెంచాలో నాలుగు గింజలు తీసి ఊదితే పొట్టు చిట్లాలి. ఆ నీళ్లు కూడా వంపేసి, గింజలు కుండలోకి వేయండి. మాంసం, ఉల్లిపాయ, ఆవపొడి, మిరియాలు వేసి, గింజల మీద ఒక వేలు కణుపు ఎత్తు వేడినీళ్లు పోయండి. మాంసంలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు ఇప్పుడే వేయకండి. 'లో' మీద ఎనిమిది గంటలు. మధ్యలో మూత తీసి చూడకండి, తీసినప్పుడల్లా పోయిన వేడి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది.

మొలాసిస్ చివర్లో కలపండి. దానిలోని సున్నం, పులుపు గుణం గింజని మెత్తబడనివ్వవు. మనం చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదు చూడండి, అదే సంగతి. సాయంత్రం ఇంటికి వచ్చాక మొలాసిస్ కలిపి, 'హై' మీద ఇంకో గంట ఉంచి, అప్పుడు ఉప్పు చూసుకోండి.

మాంసం తినని వాళ్లు దాని బదులు ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల నూనె, నిప్పు మీద కాల్చి పొట్టు తీసిన టమాటా ఒకటి వేసుకోవచ్చు. పొగ వాసన కాస్త తగులుతుంది. స్లో కుక్కర్ లేకపోతే నానిన గింజల్ని ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, తర్వాత మందపాటి గిన్నెలో సన్న సెగ మీద గంటన్నర మగ్గించండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నేవీ బీన్స్ బదులు ఎర్ర రాజ్మా వాడితే నానబెట్టిన గింజల్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేయకండి. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. అది తెర్లే వేడికే పోతుంది. స్లో కుక్కర్ సన్నని వేడికి పోదు, అరకొరగా వేడెక్కితే ఇంకా పెరుగుతుంది కూడా. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ముందు అరగంటపాటు బాగా తెర్లించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కుండలో వేయండి. అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన మన పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి. ఇక్కడ మనం ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తాం కాబట్టి ఈ బెడద తెలియదు.

చివరగా ఒక మాట. ఈ కుండ కోసం గింజలు నానబెట్టడం, ఉల్లిపాయ తరగడం, పొద్దున స్విచ్ వేయడం, సాయంత్రం కుండ కడగడం, ఇవన్నీ ఎవరైనా చేయగలిగిన పనులే. చేతివాటం అక్కర్లేదు, రుచి చూడక్కర్లేదు, దగ్గర నిలబడక్కర్లేదు. 'నాకు వంట రాదు' అనే కొడుక్కైనా, మొగుడికైనా మొదట నేర్పాల్సిన వంట ఇదే. వారంలో ఒక రోజు ఎంచుకోండి. ముందురోజు రాత్రి గింజలు నానబెట్టే పని కూడా వాళ్లకే అప్పజెప్పండి. కుండ మనం పెట్టి సెలవు తీసుకోవడం మూడు నాలుగు వందల ఏళ్లుగా జరుగుతున్నదే. ఇప్పుడు కుండ ఇంకొకరు పెట్టాలి.